మా యింటి తెరపై చూచిన చిత్రములు

పాఠశాల వార్షిక సంచికలో చలనచిత్రములను గూర్చి వ్యాసము వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. చదువు సంధ్యలను గూర్చియు, బాలబాలికల ఆటపాటలను గూర్చియు వ్రాయవలసిన పుటలలో సినిమాల ముచ్చట యేల యని అడుగు పెద్దలు మనలో కలరు. వారి ప్రశ్న న్యాయమైనదే. అయినను, తమిళనాట తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో నేటి పిల్లల చెవిని పడుచున్న తెలుగు ఎక్కడి నుండి వచ్చుచున్నదని విచారించినచో, అందు చాల భాగము తెరమీది నుండియే యని ఒప్పుకొనక తప్పదు. 2006లో తమిళాభ్యసన చట్టము వచ్చిన తరువాత బడులలో తమిళము మొదటి భాషగా తప్పనిసరి యైనది. తామున్న రాష్ట్రపు భాషను మన పిల్లలు చక్కగా నేర్చుట మేలే. అందు మాకు సందేహము లేదు. కాని తెలుగునకు మిగిలిన వేళ కుంచించుకొనిపోయినది. వీథిలో తమిళము, తరగతిలో ఇంగ్లీషు, ఇంట నాయనమ్మ పిలిచినపుడు మాత్రము తెలుగు. ఆ పిలుపునకు బదులు తమిళములో పలుకు పిల్లలు ఎందరో కలరు.

ఈ స్థితిలో సినిమాను నిషేధించుటయా, విడిచిపెట్టుటయా యని వాదించుటకంటె, ఏది చూచుచున్నారో, ఎవరితో కూర్చుండి చూచుచున్నారో గమనించుట మేలని మాకు తోచినది. కనుక గత విద్యాసంవత్సరమున మేము మూడు కుటుంబములవారము కలిసి, పదునైదు దినముల కొకసారి శనివారము సాయంకాలమున ఒక తెలుగు చిత్రమును చూచు నియమము పెట్టుకొంటిమి. ఆరేండ్ల బాలుడు మొదలు ఎనుబది దాటిన తాతగారి వరకు అందరును ఒకే చాపమీద కూర్చుండిరి. ఫోనులు ప్రక్కగదిలో ఉంచబడెను. ఈ నియమము పిల్లలకంటె పెద్దలకే కష్టమైనదని చెప్పుట సత్యమునకు దూరము కాదు.

మొదట చూచినది 'మాయాబజార్'. 1957 మార్చి 27వ తేదీన విడుదలయైన ఈ చిత్రమును గూర్చి క్రొత్తగా చెప్పవలసిన దేమున్నదని పలువురు అందురు. పిల్లల ప్రక్కన కూర్చుండి చూచినవారికి మాత్రము చెప్పవలసినది చాల కనబడును. పౌరాణిక చిత్రమనగా ప్రేక్షకునకు కథ ముందే తెలిసియుండును. ఏమి జరుగునో అను ఆత్రముకంటె ఎట్లు జరుగునో అను వేడుకయే అందు ముఖ్యము. కాని ఈ శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతములో లేదు. కవిత్రయమువారి భారతములోను లేదు. భారతములో అభిమన్యుని భార్య ఉత్తర. జనుల నోట పుట్టి, నాటకములలో పెరిగిన కథను కె.వి. రెడ్డిగారు తెరకెక్కించిరి. వింతయేమనగా, పాండవుల ఇంటి పెండ్లి కథలో పాండవులు ఒక్కరును కనబడరు. ధర్మరాజెక్కడ, భీముడెక్కడ యని మా పిల్లలు చిత్రము సగమైన తరువాత గాని అడుగలేదు. లేనివారి లోటు తెలియకుండ కథ నడపుట సామాన్యమైన పని కాదు.

ఆరేండ్ల బాలుడు మొదట “దీనికి రంగు లేదే” యని పెదవి విరిచెను. పావుగంట గడచిన పిమ్మట ఆ మాట మరల ఎత్తలేదు. 2010లో ఈ చిత్రమునకు రంగులు అద్ది విడుదల చేసిరి. అదియు మేము కొంత చూచితిమి. మా అభిప్రాయమున నలుపు తెలుపుల ప్రతియే మేలు. మార్కస్ బార్ట్‌లేగారు వెలుగునీడలను నలుపు తెలుపులకే కూర్చి పెట్టిరి. పడవలో సాగు పాటలోని వెన్నెల ఆ ప్రతిలో చల్లగా ఉండును. రంగులలో అది పలుచబడినట్లు మాకు కనబడెను. ఈ విషయమున తాతగారు మాతో ఏకీభవింపలేదు. తాను పండ్రెండేండ్ల వాడై యున్నప్పుడు ఈ చిత్రమును చూచి, శశిరేఖ చీర ఏ రంగో తెలియక ఎన్నాళ్లో తలపోసితినని, ఇన్నాళ్లకు తెలిసినదని ఆయన సంతోషము!

సావిత్రిగారి నటనను పెద్దలెల్ల పొగడుదురు. ఏల పొగడుదురో పిల్లలకు విప్పి చెప్పుట అవసరము. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చిన ఘట్టములలో నటి పైకి సుకుమారి, లోపల రాక్షసుడు. నడకలో ఒక్క అడుగు బరువుగా పడును. కన్నులు ఒక్క క్షణము పెద్దవగును. అంతలో మరల పెండ్లికూతురు. మా ఆరేండ్లవాడు “తాతా, శశిరేఖ రాక్షసుడయిందా, రాక్షసుడు శశిరేఖ అయినాడా?” యని అడిగెను. నటనను గూర్చి అంతకంటె సూక్ష్మమైన ప్రశ్న మాకు తోచలేదు. మేము ఆ ఘట్టమును మరల వేసి, ధ్వని తగ్గించి, మొగము మాత్రము చూడుమంటిమి. మాట వినబడకున్నను ఎక్కడ రాక్షసుడో, ఎక్కడ కన్యయో పిల్లలు వేలు చూపి చెప్పగలిగిరి.

ఇక పింగళి నాగేంద్రరావుగారి మాటలు. ఇందు రాక్షసులు సంస్కృతపదములను నోరు తిరుగక విరిచి పలుకుదురు. వానికి ఎదురుగా క్రొత్త మాటలను పుట్టింతురు. అస్మదీయులు అసమదీయులగుదురు, వారికి ఎదుటివారు తసమదీయులగుదురు. కంబళి గింబళి యగును, తల్పము గిల్పమగును. చదువు చెప్పువాడు తప్పు పట్టబోగా ఘటోత్కచుడు అడ్డుపడి, ఎవరో ఒకరు పుట్టింపనిదే మాటలెట్లు పుట్టునను భావముతో పలికి, ఆ మాట కనిపెట్టినవానికి వీరతాడు వేయించును. మా పిల్లలు వారము దినములు దుప్పటిని గింబళి యనిరి. అంతటితో ఊరకొనక తమిళపు మాటలకు తెలుగు తోకలు తగిలించి క్రొత్త మాటలు చేసి, వీరతాడు వేయుమని మా వెంట పడిరి. తెలుగు మాట తప్పు పలికినప్పుడెల్ల మందలింపులే యెరిగిన పిల్లలకు, మాట పుట్టించినవానికి బహుమానము దొరకుట తెరమీద చూచుట యెంతటి ధైర్యమో ఆలోచింపుడు. ఆ వారములో వారు మాతో పలికిన తెలుగు అంతకు ముందు నెలలో పలికినదానికంటె హెచ్చు.

చెన్నపురివారికి ఈ చిత్రముతో మరియొక బంధుత్వము కలదు. ద్వారకయు, హస్తినయు, ఘటోత్కచుని ఆశ్రమమును వెలసినది వడపళనిలోని వాహినీ స్టూడియోలోనే. ఆ స్థలములో నేడు ఆసుపత్రియు, పెద్ద వర్తకశాలయు ఉన్నవి. పిల్లలు ఆ దారిన పోవునపుడు చూపింపదగిన చోటు. తెలుగు చిత్రములు పలు దశాబ్దములపాటు తమిళుల నడుమ, తమిళ నిపుణుల చేతులతో తయారైనవను సంగతి మన పిల్లలకు తెలియవలెను. ‘మాయాబజార్’ తమిళములోను అదే యేడు వచ్చినది. అందు అభిమన్యుని పాత్రను అక్కినేని నాగేశ్వరరావుగారికి బదులు జెమినీ గణేశన్‌గారు ధరించిరి.

ఈ జంట చిత్రముల సంగతియే మాకు ఒక క్రొత్త వినోదమును కల్పించినది. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ను తెలుగులో ఒక శనివారము, ‘మిస్సియమ్మ’ను తమిళములో మరియొక శనివారము చూచితిమి. ఎల్.వి. ప్రసాద్‌గారి దర్శకత్వములో వచ్చిన ఈ హాస్యచిత్రమును బడి పత్రికలో పేర్కొనుటకు వేరు కారణము అక్కరలేదు. కథయంతయు ఒక బడిపంతులు, ఒక పంతులమ్మల కథ. పని దొరకని ఇద్దరు పట్టభద్రులు, జమీందారు బడిలో భార్యాభర్తలకే ఉద్యోగమిత్తురని విని, దంపతులమని చెప్పి చేరుదురు. ఒకరికొకరికి పొసగదు, మతములు వేరు, స్వభావములు వేరు. ఆ ఇరుకుననుండియే నవ్వు పుట్టును. ఒకరి రూపమునో, నత్తినో, పేదరికమునో చూచి నవ్వవలసిన పని ఇందు దాదాపు లేదు. ఇటీవలి హాస్యము పలుమారు ఇతరులను చెంపపెట్టులు కొట్టుటలోనే ఉన్నదని బాధపడు తల్లిదండ్రులు ఈ చిత్రమును నిర్భయముగా చూపవచ్చును. తప్పిపోయిన బిడ్డ చివర దొరకుటతో చిక్కులన్నియు విడిపోవుట మాత్రము మాకు అంతగా రుచింపలేదు. అంత తెలివిగా కట్టిన కథకు అంత సులువైన ముడి విప్పుట తగదు.

తమిళ ప్రతియందు సావిత్రిగారును, రంగారావుగారును వారే. రామారావుగారి స్థానమున జెమినీ గణేశన్‌గారు. అవే గదులు, అవే వరుసలు, మాటలు మాత్రము వేరు. పండ్రెండేండ్ల అమ్మాయి యొకతె కాగితముపై రెండు వరుసలు గీసి, ఒకే సందర్భమున తెలుగువారు ఏమనిరో, తమిళులు ఏమనిరో వ్రాసికొనెను. తమిళము చక్కగా చదువగల ఆ పిల్ల తెలుగును తమిళ లిపిలోనే వ్రాసెను. మూడవ నాటికి తెలుగు మాటలను తెలుగు అక్షరములతో వ్రాయవలెనని తానే కోరి, నాయనమ్మచేత అక్షరములు దిద్దించుకొనెను. మేము బలవంతము చేయలేదు. ‘గుండమ్మ కథ’ కూడ ఇట్టిదే. అది విఠలాచార్యగారు 1958లో కన్నడమున తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’ నుండి పుట్టి, 1962లో తెలుగుకు వచ్చి, తమిళమునకును వెళ్లినది. కన్నడ దేశముననున్న మన బంధువులు ఆ వరుసన చూచి ఆనందింపవచ్చును.

చారిత్రక చిత్రములలో మేము రెండు ఎన్నుకొంటిమి. రెంటిలోను శ్రీకృష్ణదేవరాయలే ప్రభువు. మొదటిది బి.ఎన్. రెడ్డిగారి ‘మల్లీశ్వరి’, 1951. బావామరదళ్లు వాన కురియు రాత్రి సత్రములో తలదాచుకొందురు. మారువేషమున నున్న రాయలతో నాగరాజు పరిహాసముగా మల్లీశ్వరికి రాణివాసపు పల్లకి పంపుమని కోరును. పరిహాసము ప్రభువు ఆజ్ఞయై, పల్లకి నిజముగా వచ్చి ఆమెను కొనిపోవును. రాయలు చెడ్డవాడు కాడు. చెడ్డవాడెవడును లేకుండగనే ఇద్దరి బ్రతుకులు విడిపోవుట ఈ చిత్రములోని విషాదము. మా పిల్లలకు ఇది నిదానముగా సాగినట్లు తోచినది, చిన్నవాండ్రు నిద్రపోయిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి పాటలను, భానుమతిగారి కంఠమును తల్లులు కన్నులు మూసికొని వినిరి. పిల్లల కొరకే యని పెట్టుకొన్న సాయంకాలములలో పెద్దలకు దక్కినది ఈ ఒక్కటియే. అందుకు మేము చింతింపలేదు.

రెండవది 1991 నాటి ‘ఆదిత్య 369’. ఇది చారిత్రకమా, శాస్త్రకల్పనయా యని వాదింపవచ్చును. కాలయంత్రమెక్కి మనుష్యులు 1526వ సంవత్సరపు విజయనగరమునకు పోయి, అచ్చటి నుండి 2504వ సంవత్సరమునకు దూకుదురు. కె.వి. రెడ్డిగారి శిష్యరికములో ఎదిగిన సింగీతము శ్రీనివాసరావుగారు దీని దర్శకులు. మాయాపేటికల వారసత్వము కాలయంత్రములో కనబడుట సహజమే. 2025 ఏప్రిల్‌లో దీనిని మరల థియేటర్లలో విడుదల చేసిరి. పిల్లలకు మిక్కిలి నచ్చినది ఇదియే. రాయలు 1509 నుండి 1529 వరకు ఏలెను గనుక తేదీ సరిపోయినదని పదునాలుగేండ్ల వాడొకడు లెక్కవేసి చూపెను. ఆ విజయనగరము నేటి కర్ణాటకలోని హంపియే యనియు, అచ్చట కూర్చుండియే రాయలు తెలుగులో ‘ఆముక్తమాల్యద’ వ్రాసెననియు, ఆ కావ్యములోని కథ మన తమిళనాటి శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవిదనియు చెప్పగా పిల్లలు మొదట నమ్మలేదు. తెలుగు అనునది ఎక్కడనో కృష్ణా గోదావరుల నడుమ ఉండునదనియు, తాము దానికి దూరమైన వారమనియు వారు తలచుచుండిరి. శ్రీవిల్లిపుత్తూరు గోపురమో, వారికి బడిలో ఎరుకపడినదే. తమిళనాడు ప్రభుత్వ చిహ్నముపై గోపురము అదేయని చాలమంది చెప్పుదురు గదా!

‘ఆర్ఆర్ఆర్’ను గూర్చి క్లుప్తముగా చెప్పెదము. 2022లో వచ్చినది, అందలి నాట్యగీతమునకు 2023 మార్చిలో ఆస్కార్ బహుమానము లభింపగా సంగీతకర్త కీరవాణిగారును, రచయిత చంద్రబోసుగారును అందుకొనిరి. వేగము, బలము, మృగములు, మంటలు. బాలురు లేచి నిలువబడి చూచిరి. హింస హెచ్చుగా నున్నందున చిన్నవారిని ముందే నిద్రపుచ్చితిమి. కాని చూచిన పిమ్మట ఒక మాట చెప్పుట విధి. అల్లూరి సీతారామరాజుగారు 1924లోను, కొమరం భీముగారు 1940లోను మరణించిరి. చరిత్రలో వారిరువురు కలిసినట్లు లేదు. ఇది కవి కల్పన. కల్పన తప్పు కాదు, శశిరేఖయు కల్పనయే. అయితే అది కల్పన యని పిల్లలకు తెలియవలెను, పరీక్షలో వ్రాసి వచ్చిన తరువాత తెలిసిన ప్రయోజనము లేదు.

ఏ చిత్రము ఏ వయసునకు తగునో తెలియుట యెట్లని తల్లులు మమ్ము అడుగుచుందురు. చిత్రారంభమున కనబడు ధ్రువపత్రమును చదువుటయే మొదటి ఉపాయము. ‘యు’ అన్నచో అందరును చూడవచ్చును. ‘ఎ’ అన్నచో పెద్దవారికి మాత్రమే. 1983 నుండి నడుమ ‘యుఎ’ అనునది ఒక్కటియే ఉండెడిది. 2024లో వచ్చిన నియమములు దానిని యుఎ 7+, యుఎ 13+, యుఎ 16+ అని మూడుగా విభజించినవి. ఆ అంకెకు లోబడిన వయసు బిడ్డ చూచుట తగునా, తగదా యని నిర్ణయింపవలసినది తల్లిదండ్రులే. పాత చిత్రముల పత్రములపై ఈ అంకెలుండవు. కాబట్టి అట్టివానిని పెద్దలు ఒకసారి తామే ముందుగా చూచుట మంచిది. మాలో ఒకరు శుక్రవారము రాత్రి మేల్కొని ఈ పని చేసెడివారు.

ఇప్పుడు ‘బలగం’. 2023 మార్చిలో విడుదలయైనది. దర్శకులు వేణు యెల్దండిగారు. తెలంగాణములోని ఒక పల్లె. కొమురయ్య యను ముదుసలి మరణించును. అప్పుల పాలైన మనుమడు తన పెండ్లితో గట్టెక్కుదునని ఆశపడుచుండగా, తాత మరణము ఆ ముహూర్తమునకు అడ్డుతగులును. ఎన్నడో ఒక విందులో నల్లిబొక్క విషయమున మాటామాట పెరిగి, అల్లుడు అత్తవారింటి గడప తొక్కుట మానివేసి, ఇరువది సంవత్సరములు గడచును. మృతునకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. మూడవ నాడు ముట్టదు, తరువాతను ముట్టదు. ఊరంతయు కలవరపడును. ఇంతియే కథ. వినినప్పుడు చిన్నదిగా కనబడును. చూచునపుడు గుండె పట్టినట్లగును. చివర బుడగజంగాల గాయకులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడు ఘట్టమున మా యింట పొడిబారిన కన్ను లేదు. మొగిలయ్యగారు 2024 డిసెంబరులో పరమపదించిరి. ఇందలి పల్లెపాటకు కాసర్ల శ్యామ్‌గారికి జాతీయ పురస్కారము లభించినది. ఈ చిత్రమును తెలంగాణ పల్లెలలో రచ్చలయొద్ద తెరకట్టి ఊరంతయు కలిసి చూచిరనియు, మాటలు మానుకొన్న అన్నదమ్ములు కొందరు చూచి కలిసిరనియు ఆనాడు వార్తాపత్రికలు వ్రాసినవి.

కాకికి ముద్ద పెట్టుట మన పిల్లలు ఎరిగినదే. అమావాస్యనాడు తమిళులును, మనమును మేడపై కాకిని పిలిచి అన్నము పెట్టుదుము గదా! ఆ విధముగా కథ వారికి వెంటనే అందినది. అందనిది భాష. మొదటి పది నిమిషములు “ఇది తెలుగేనా?” యని పదుమూడేండ్ల అమ్మాయి అడిగెను. ఆ ప్రశ్న మమ్ము చాలసేపు పట్టి ఉంచినది. ఎందుకనగా, ఏటేట ఎండకాలపు సెలవులలో హైదరాబాదు నుండియో, విజయవాడ నుండియో వచ్చు చుట్టముల పిల్లలు మన పిల్లల మాట విని అడుగునది సరిగా ఆ ప్రశ్నయే. “ఏమి చేస్తా ఉండావు”, “ఆడ ఉండాది” యని మన ఇండ్లలో పలికినచో వారు నవ్వుదురు. అట్లు నవ్వబడిన పిల్ల మరునాటి నుండి చుట్టముల యెదుట ఇంగ్లీషులోనో, తమిళములోనో మాటలాడును. తెలుగు మన యిండ్ల నుండి తొలగుటకు చట్టములును, బడులును ఎంత కారణమో మేము చెప్పజాలము గాని, ఈ నవ్వు మాత్రము గొప్ప కారణమని మేము ప్రత్యక్షముగా ఎరుగుదుము.

పూర్వపు చిత్రములలో ప్రాంతపు యాసలను హాస్యగాండ్ర నోటనో, ప్రతినాయకుల నోటనో పెట్టెడివారు. నాయకుడు మాత్రము అచ్చువేసినట్టి తెలుగు పలికెడివాడు. ‘బలగం’లో అట్లు కాదు. నాయకుడును, తల్లియు, సర్పంచియు, శవము ముందు ఏడ్చు చెల్లెలును ఒకే యాసలో పలుకుదురు, ఎవరును నవ్వరు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ కూడ ఈ త్రోవలోనిదే. విశాఖపట్టణపు కంచరపాలెము వాసులే అందు నటులు, వారి ఉత్తరాంధ్రపు పలుకుబడియే అందలి భాష. అందు కొన్ని ఘట్టములు బరువైనవి గనుక పదునైదేండ్లు దాటిన పిల్లలతోనే దానిని చూచితిమి. ఈ రెండును చూచిన తరువాత తాతగారు ఒక ప్రశ్న వేసిరి: సిరిసిల్ల తెలుగు తెలుగైనపుడు, కంచరపాలెపు తెలుగు తెలుగైనపుడు, కోవిల్‌పట్టి తెలుగు, హోసూరు తెలుగు ఏ నేరము చేసినవి? ఆ పదుమూడేండ్ల అమ్మాయి ఆ రాత్రి హైదరాబాదులోని పెదనాన్నగారి కొమార్తెతో ఫోనులో మాటలాడుచు, “మేము ఇట్లనే మాట్లాడతాము, ‘బలగం’ చూడు” అనుట మేము ప్రక్కగది నుండి వింటిమి.

మన తెలుగు మాటలాడు నాయకుడు గల చిత్రము ఎన్నటికైన రావలెనని మా కోరిక. అది వచ్చువరకు మన ముసలివారి మాటలను ఫోనులలో భద్రపరచుట మన చేతిలోని పని. మేము తాతగారి చేత ‘మాయాబజార్’ మొదటిసారి చూచిన కథ చెప్పించి, పిల్లల చేత చిత్రము పట్టించితిమి. ఆయన పలికిన నాలుగైదు మాటలు మాకే క్రొత్త.

చివరి శనివారములలో చూచినది ‘35 – చిన్న కథ కాదు’. 2024 సెప్టెంబరులో వచ్చినది. నందకిశోర్ ఈమానిగారి దర్శకత్వము. తిరుపతిలో ఒక సామాన్య కుటుంబము. తండ్రి బస్సు కండక్టరు. తల్లి సరస్వతి పదవ తరగతి తప్పిన ఇల్లాలు. పెద్దకొడుకు అరుణ్ గణితములో వెనుకబడిన బాలుడు. వెనుకబడుటకు కారణము మందబుద్ధి కాదు. వాని ప్రశ్నలకు బదులు చెప్పువారు లేకపోవుట. సున్నకు విలువ లేదందురు, ఒకటి ప్రక్కన అదే సున్నను పెట్టగా పది ఎట్లగును? ఈ ప్రశ్న అడిగిన బాలునికి తరగతిలో సున్న యనియే పేరు వచ్చును. తల్లి తాను ముందు నేర్చుకొని, తరువాత కొడుకునకు నేర్పుటకు పూనుకొనును. నివేదా థామస్‌గారు ఆ తల్లిగా నటించిరి. అరుపులు లేవు, ఉపన్యాసములు లేవు. పెరటిలో బట్టలారవేయు మన ఇంటి ఆడపడుచు వలెనే కనబడిరి.

మన రాష్ట్రములోను పదవ తరగతి గట్టెక్కుటకు కావలసిన మార్కులు 35 గనుక ఈ అంకె మన యిండ్లలో అందరెరిగినదే. చిత్రము ముగిసిన పిమ్మట మా కొత్త నియమము ప్రకారము ప్రతివారును ఒక్క మాట చెప్పవలసి యుండెను. పదునాలుగేండ్ల వాడు ఏమియు చెప్పలేదు. మరునాడు పలహారపు వేళ, ఎనిమిదవ తరగతిలో తనకు రుణసంఖ్యల గుణకారము అర్థము కాలేదనియు, రెండు రుణసంఖ్యలను గుణించినపుడు ధనసంఖ్య యేల వచ్చునో అడుగుటకు సిగ్గుపడి రెండేండ్లుగా కంఠస్థము చేయుచున్నాననియు తల్లితో చెప్పెను. తల్లికిని తెలియదు. ఆమె పుస్తకము తెరచి, అప్పును తీసివేసిన లాభమగునను ఉదాహరణ పట్టుకొని, ఇద్దరును కూర్చుండి సాధించిరి. నెలకు వందేసి రూపాయలు పోవుచున్నచో మూడు నెలల క్రిందట మూడువందలు హెచ్చుగా ఉండెడివి గదా యని ఆమె కాగితముపై వేసి చూపినపుడు, పోవుట ఒక రుణము, వెనుకకు లెక్కించుట మరియొక రుణము, ఫలితము ధనము అని వాడే పైకి అనెను. గణితోపాధ్యాయులు ఇంతకంటె చక్కని దారి చూపగలరు. ఆ చిన్నవానికి మాత్రము ఆ యుదయము చాలినది.

సంగీత చిత్రములలో ‘శంకరాభరణము’ చూడవలెనని తలచియు ఈ యేడు వేళ చాలలేదు. రానున్న శనివారమునకు పెద్దలు 1963 నాటి ‘లవకుశ’ను కోరుచున్నారు, తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రము, పద్యములు పాడు బాలురు ఉన్న చిత్రము. మూడు గంటలు దాటునని పిల్లలు గొణుగుచున్నారు. నడుమ విరామమిచ్చి బజ్జీలు పెట్టుదుమని తల్లులు ఒప్పుకొన్న మీదట, మొదటి సగము ఒక వారము, రెండవ సగము మరుసటి వారము అను ఒడంబడిక కుదిరినది. సీతమ్మ అడవికి పోవు చోటనే ఆపవలెనా, బిడ్డలు పుట్టిన తరువాత ఆపవలెనా యను విషయము మాత్రము ఇంకను తేలలేదు.